తలుపు దొరికిన పాపానికి

ఎన్నికల సెక్షన్‌లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు రాజేంద్రనగర్‌లో మా ఇంటికి వస్తుంటారు. "మేడం, ఈ పని ఎట్లుంటది?" అని అడుగుతారు. వాళ్ళ దృష్టిలో ఎన్నికలంటే పోలింగు రోజు. అయ్యల్లారా, పోలింగు రోజు పెళ్ళి భోజనం లాంటిది. మన పని దానికి ఎన్నో నెలల ముందే మొదలవుతుంది. ఎవరిని పిలవాలో, వాళ్ళు ఎక్కడుంటున్నారో, అసలు ఉన్నారో లేరో తెలుసుకోవడం మన పని. ఆ పని సరిగ్గా చేస్తే ఎవరూ మెచ్చుకోరు. చెయ్యకపోతే మాత్రం ఊరంతా మన ఆఫీసు ముందే ఉంటుంది.

నేను మండలాఫీసులో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. శంషాబాద్ చుట్టుపక్కలే పనిచేశానని చెబుతాను గానీ, ఏ మండలమో చెప్పను. ఆనాటి మనుషులు ఇంకా ఉన్నారు, నాకూ ఇంకా పెన్షన్ వస్తోంది.

ముందు ఒక మాట. ఓటరు కార్డు బీరువాలో ఉంటే ఓటు ఉన్నట్టేనని జనం అనుకుంటారు. అదేం లేదు. జాబితాలో పేరుంటేనే ఓటు. షాద్‌నగర్ ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని ఒకాయన పోలింగు సాయంత్రం కార్డు ఊపుకుంటూ నా మీదికి వచ్చాడు. "కార్డున్నది, నేనున్న, ఇంకేం గావాలె?" అన్నాడు. జాబితా చూసుకొమ్మని అంతకుముందు మూడు నెలలు ఊరూరా డప్పు కొట్టించాం బాబూ అన్నాను. "డప్పు విన్న గానీ నాకోసం అనుకోలే" అన్నాడు. అట్లాంటివాళ్ళ మీద నాకు జాలి లేదు. అన్నీ సరిగ్గా చేసి కూడా ఇరుక్కున్న ఒక మనిషి సంగతి మాత్రం మీకు చెప్పాలి.

ఇల్లెక్కడున్నది?

విమానాలు ఎగరడం మొదలైన మరుసటి ఏడాది ఎన్నికలు వచ్చాయి. బండమీదిగూడ అనుకోండి, అట్లాంటి చిన్న ఊరొకటి విమానాశ్రయం కిందికి పోయింది. జనాన్ని హైవేకి ఇవతల ఒక కొత్త కాలనీకి తరలించారు. ఊరు పోయింది, పశువుల కొట్టాలు పోయాయి, బావులు పూడ్చేశారు. మా ఓటరు జాబితాలో మాత్రం ఆ ఊరు ఇంటి నంబర్లతో సహా చెక్కుచెదరకుండా ఉంది.

ఆ ఓట్లు కాలనీ బూతుకు మార్చమని వాళ్ళే గడువులోగా దరఖాస్తులు పెట్టుకున్నారు. పెద్ద పనేం లేదనుకున్నాను. కానీ మా తహసీల్దారు గారు ఉన్నారే, ఆయన కోస్తా వైపు మనిషి, చాలా నెమ్మదస్తుడు, చాలా మర్యాదస్తుడు, నియమాల పుస్తకాన్ని కళ్ళకద్దుకుని తెరిచే రకం. ఆయన్ని తిట్టుకోని రోజు లేదు, గౌరవించని రోజూ లేదు.

"మార్చాలంటే ముందు వాళ్ళు పాత చిరునామాలో లేరని నిర్ధారించాలండీ. పాత ఇంటి తలుపుకు నోటీసు అంటించి, ఇద్దరు పెద్దమనుషుల సంతకాలతో పంచనామా తీసుకురండి" అన్నారు.

"సార్, పాత ఇల్లు రన్‌వే పక్కన ఉందండీ."

"ఎక్కడుంటే ఏమండీ? స్థల పరిశీలన జరిగిందా లేదా, అదే కదా పైవాళ్ళు అడిగేది."

గేటు దగ్గర

ఆ ఊరి రెవెన్యూ అధికారి యాదగిరి. ఇల్లిల్లూ తిరిగి పేర్లు సరిచూసే పని కూడా అతనిదే. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, అదే అతనితో వచ్చే ఇబ్బంది. నోటీసుల కట్ట, మైదాపిండి జిగురు బకెట్టు, కుంచె పట్టుకుని జీపెక్కాడు. ఊరి సేవకుడు కూడా ఎక్కాడు. వీళ్ళని ఒంటరిగా పంపితే జైల్లో ఉంటారని నేనూ ఎక్కాను.

గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను టికెట్ అడిగాడు. యాదగిరి నోటీసు చూపించాడు. జవాను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "యే క్యా హై?" అన్నాడు.

"నోటీస్ హై సాబ్. ఘర్ కే దర్వాజే కు చిప్కానా హై." ఇంటి తలుపుకు అంటించాలని యాదగిరి తనకొచ్చిన హిందీలో చెప్పాడు.

"కిస్కా ఘర్?"

ఎవరి ఇల్లని అడిగితే యాదగిరి చెయ్యి చాపి, అప్పుడే దిగుతున్న విమానం వైపు చూపించాడు. జవాను నా వైపు చూశాడు. చదువుకున్నదానిలా కనిపిస్తోంది, ఈమెకేమైంది అన్నట్టు ఉంది అతని చూపు. లోపలికి వెళ్ళి పై ఆఫీసరును పిలుచుకొచ్చాడు. ఆయన మర్యాదగా మాట్లాడాడు. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, మా జిగురు బకెట్టును మాత్రం ఏదో యంత్రంతో పరీక్ష చేయించాడు. లోపలికి రానివ్వలేదు. "మేడం, లోపల ఒక్క ఇల్లు కూడా లేదు, నా మాట నమ్మండి" అన్నాడు. ఆ మాటే కాగితం మీద రాసిమ్మంటే, ఇల్లు లేదని రాసే అధికారం తనకు లేదన్నాడు. ఆయన కూడా మా తహసీల్దారు గారికి ఏ జన్మలోనో తమ్ముడై ఉంటాడు.

చివరికి ప్రహరీ గోడకు బయటి వైపున నోటీసులు వరసగా అంటించి, "ఇళ్ళు గానీ తలుపులు గానీ కనబడలేదు" అని పంచనామా రాసుకుని వచ్చేశాం. రెండు రోజులకు అది చదివి తహసీల్దారు గారు తృప్తిపడ్డారు. నాకూ హమ్మయ్య అనిపించింది. అప్పుడే యాదగిరి గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క తలుపు మాత్రం దొరికింది సార్."

దర్వాజ

ఆ తలుపు బాలమణిది. అరవై దాటిన మనిషి, భర్త పోయాడు, పిల్లల్లేరు. కాలనీలో మరిది నర్సిములు ఇంటిని ఆనుకుని రెండు గదులు వేసుకుని ఉంటోంది. తిండి మరిది వాళ్ళింట్లోనే.

ఊరు ఖాళీ చేసే రోజు అందరూ బిందెలు, మంచాలు సర్దుకుంటుంటే ఈమె ఇంటి టేకు దర్వాజను చౌకట్టుతో సహా పీకించి ట్రాక్టరెక్కించింది. మిగతావాళ్ళలో కొందరు తలుపులు అమ్ముకున్నారు, కొందరు పొయ్యిలో పెట్టారు. బాలమణి మాత్రం ఆ దర్వాజను కొత్త గదికి బిగించుకుంది. చౌకట్టు మీద పంచాయతీవాళ్ళు కొట్టిన పాత రేకు నంబరు అట్లాగే ఉంది.

గోడకు నోటీసులంటించిన మర్నాడు యాదగిరి కాలనీలో తిరుగుతుంటే ఆ నంబరు కంటబడింది. రన్‌వే దగ్గర దొరకని తలుపు దొరికేసరికి పాపం అతని సంతోషం పట్టలేకపోయింది. నోటీసు అంటించాడు. "ఫలానా నంబరు గల ఇంటి తలుపుకు అంటించడమైనది, సదరు ఓటరు అదే తలుపు వెనక ఉన్నారు" అని ఉన్నదున్నట్టు రాసి, ఆమె వేలిముద్ర తీసుకున్నాడు.

తహసీల్దారు గారు ఆ కాగితం రెండుసార్లు చదివారు.

"తలుపు ఉంది. ఆ తలుపు మీద ఆ నంబరే ఉంది. ఆ తలుపు వెనక ఆవిడే ఉంది. మరి మారింది ఎక్కడండీ?"

"సార్! తలుపే మారింది సార్!"

"ఓటు మనిషికి, ఇంటికి సంబంధించిందండీ. తలుపు ఎక్కడ ఉండాలన్నది ఎక్కడా రాయలేదు."

ఊరందరి పేర్లూ కాలనీ బూతుకు మారిపోయాయి. బాలమణి పేరు ఒక్కటే బండమీదిగూడలో ఉండిపోయింది. మళ్ళీ దరఖాస్తు పెట్టించాను. ఇప్పుడు మారిందంటే తలుపు గురించి రాసిన కాగితం అబద్ధమవుతుంది, యాదగిరి ఉద్యోగం మీదికి వస్తుంది అన్నారు తహసీల్దారు గారు. బూతునైనా కలిపేయమని పైకి రాయించాను. గడువు దాటింది, ఓటరు ఉన్నంతకాలం బూతు ఉండాల్సిందేనని జవాబొచ్చింది. అంటే లేని ఊరికి ఒక పోలింగు కేంద్రం, ఒక ఓటరు.

పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి. మన వ్యవస్థ అబద్ధాలు చెప్పేవాణ్ణి ఎంతకైనా తట్టుకుంటుంది. ఉన్నదున్నట్టు రాసే యాదగిరి లాంటివాడు ఎదురైతేనే దానికి మతిపోతుంది. అందుకని అబద్ధాలు రాయమని నేను చెప్పడం లేదు. రాసింది పై అధికారికి ఎట్లా వినబడుతుందో ఒకసారి గట్టిగా చదువుకుని సంతకం పెట్టండి.

ఆమెకున్న ఒకే ఒక్క సొత్తు

పోలింగుకు కొన్ని వారాల ముందు ఓటరు చీటీలు పంచడానికి కాలనీకి వెళ్ళాను. బాలమణి చీటీ చేతికిచ్చి, "నీకు ప్రత్యేకంగా బూతే పెడుతున్నాం అమ్మా, మహారాణివి" అని నవ్వించబోయాను. ఆమె నవ్వలేదు. లోపలికి రమ్మని దర్వాజ దగ్గరికి వేసింది.

"బిడ్డా, ఒక్కటే ఓటుంటె, ఆ డబ్బ ఇప్పినంక ఎవలికేసిననో తెల్వదా?"

బూతుల వారీగా లెక్క బయటికొస్తుంది. ఆ బూతులో ఒకటే ఓటు.

"తెలుస్తుంది" అన్నాను.

"మా మరిది గదే అంటున్నడు. మా వదినె ఓటు మాకే, లెక్కలల్ల సూస్త గదా అని కల్లు కంపౌండుల శెప్పుకుంట తిరుగుతున్నడు. అవుతలి పార్టోళ్ళు గూడ వచ్చి పోయిన్రు. ఆ ఊర్ల మాకు సున్న రావొద్దు అక్కా, ఇజ్జత్ పోతది అంటున్నరు. ఎవలొచ్చినా సరే అన్న."

"సరే అన్నావు కదా, మరి?"

బాలమణి నా చేతిని గట్టిగా పట్టుకుంది. "మా ఆయన ఉన్నప్పుడు ప్రతిసారి, ఫలానా గుర్తుకు గుద్దు అంటుండె. సరే అంటుంటి. లోపలికి పోయినంక నాకు నచ్చినోనికి గుద్దుతుంటి. ఆయన పోయేదాక ఆయనకు తెల్వదు. భూమి ఆయన పేరు మీద, ఇల్లు ఆయన పేరు మీద. గా అట్టపెట్టె ఎనక నిలవడ్డ జరంత సేపే నాది బిడ్డా. ఇప్పుడు గది గూడ పాయె."

"పోనీ, వేయకుండా ఉంటే?"

"సున్న గూడ తెలుస్తది గదా! మరిది శెప్పినోనికి ఎయ్యకుంటె ఆ ఇంట్ల నాకు అన్నం పుట్టది. ఆయన శెప్పినోనికి ఏస్తె నా మనసు నన్ను తిననియ్యది."

నాకు ఏడుపొచ్చింది. మా ఆయన పోయిన కొత్తలో కూడా నేను ఆఫీసు పని మీద వెళ్ళిన చోట ఏడవలేదు. మొహం కడుక్కుంటానని బకెట్టు అడిగాను.

నియమాన్ని నియమంతోనే

జీపులో తిరిగొస్తుంటే సాతంరాయి దగ్గర ట్రాఫిక్ ఆగింది. నాకు అక్కడే తట్టింది. ఎన్నికల విధుల్లో ఉన్నవాళ్ళు అదే నియోజకవర్గంలో ఓటర్లయితే, ముందుగా ధ్రువపత్రం తీసుకుని తాము డ్యూటీలో ఉన్న బూతులోనే ఓటెయ్యొచ్చు. మా సిబ్బందిలో చాలామంది బద్ధకించి ఆ పత్రం తీసుకోరు. ఆ బూతులో ఇంకో అరడజను ఓట్లు పడితే బాలమణి ఓటు వాటిలో కలిసిపోతుంది.

నేను ఆ ప్రాంతపు బూతుల పర్యవేక్షణలో ఉన్నాను, నాకో పత్రం. అక్కడే డ్యూటీ పడ్డ యాదగిరికొకటి, ఊరి సేవకుడికొకటి, సాతంరాయి వాడైన కానిస్టేబులుకొకటి, మా జీపు డ్రైవరుకొకటి. అందరి దరఖాస్తులూ నేనే నింపి తహసీల్దారు గారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

"అందరూ ఒకే బూతులో ఎందుకండీ?"

"నియమం ఒప్పుకుంటుంది సార్."

పుస్తకం తెరిచారు. చదివారు. మళ్ళీ చదివారు. "ఒప్పుకుంటుందండీ" అని సంతకాలు పెట్టేశారు. కారణం అడగలేదు. ఆయనలో నాకు నచ్చింది అదే, కోపం తెప్పించేదీ అదే.

ఇక నాకు కొత్త భయం పట్టుకుంది. మేమందరం ఒకే పార్టీకి వేస్తే? లెక్కలో అన్నీ ఒకవైపే వస్తే బాలమణిది మళ్ళీ బయటపడిపోతుంది. నువ్వెవరికి వేస్తావని అడగకూడదు. నువ్వు వీళ్ళకు వెయ్యి, నువ్వు వాళ్ళకు వెయ్యి అని అసలే చెప్పకూడదు. అన్నేళ్ళ సర్వీసులో నేను అంత నోరు కట్టుకున్నది లేదు. పోలింగు ముందు రోజు సామాను తీసుకొస్తుంటే, జీపులో డ్రైవరూ కానిస్టేబులూ పార్టీల గురించి గొంతులు పట్టుకునేంత గొడవ పడ్డారు. యాదగిరి నడుమ దూరి ఇద్దరినీ తిట్టాడు. మామూలు రోజైతే ముగ్గురినీ జీపు దింపేదాన్ని. ఆ రోజు మాత్రం వాళ్ళకు దారిలో మిరపకాయ బజ్జీలు ఇప్పించాను.

ఏడువందల శాతం

కాలనీ కమ్యూనిటీ హాలులో రెండు గదులు. ఒకదాని ముందు కాలనీ అంతా క్యూ కట్టింది. రెండోదాని ముందు మగవాళ్ళకొక తాడు, ఆడవాళ్ళకొక తాడు కట్టి, "వరుస క్రమం పాటించండి" అని బోర్డు పెట్టి ఉంది. లోపల బూతు అధికారి కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరరు. అతని ముందు సిరా సీసా, అట్టపెట్టె, మిషను, సిబ్బంది, ఇద్దరు ఏజెంట్లు. వాళ్ళలో ఒకడు నర్సిములు. ఒక్క వదినె మీద నిఘాకు ఆయన తెల్లచొక్కా వేసుకుని మరీ కూర్చున్నాడు.

తొమ్మిది గంటలకు పై ఆఫీసు నుంచి ఫోను. ఎంత శాతం అయింది? సున్నా అన్నాడు లెక్చరరు. గొడవలేమైనా జరుగుతున్నాయా, బలగాలు పంపమంటారా అని వాళ్ళు. ఆ పిల్లాడికి చెమటలు.

పదింటికి నేను వెళ్ళి పత్రమిచ్చి ఓటేశాను. తర్వాత యాదగిరి, సేవకుడు, కానిస్టేబులు, డ్రైవరు. ఒక్కొక్కరం లోపలికి వెళ్తుంటే నర్సిములు మొహం వాడిపోతూ వచ్చింది.

"గిదేంది మేడం? గిది మా వదినె బూతు గదా!"

"నియమం ఒప్పుకుంటుంది నర్సిములూ."

అప్పుడొచ్చింది బాలమణి, ఇస్త్రీ చీర కట్టుకుని. తాళ్ళ మధ్య ఒక్కతే వరుసలో నిలబడింది, ముందెవరూ లేకపోయినా రమ్మని పిలిచేదాకా కదల్లేదు. సిరా పెట్టించుకుని అట్టపెట్టె వెనక్కి వెళ్ళింది. చాలాసేపు ఉంది. ఎంతసేపటికీ మిషను మోగకపోతే నర్సిములు మెడ సాచాడు. "వదినే, అయిపోయిందా?" అని అరిచాడు.

"జర ఆగు! తొందరేంది నీకు?" అని లోపలినుంచి గట్టిగా వినబడింది. ఆ గొంతులో అంత ధీమా నేను ముందెప్పుడూ వినలేదు. తర్వాత మిషను మోగింది.

నాలుగు గంటలకు ఎవరూ ఊహించనిది జరిగింది. తహసీల్దారు గారు కారు దిగి, జేబులోంచి మడత పెట్టిన పత్రం తీశారు. రాజేంద్రనగర్‌లోనే కిరాయికి ఉంటారు, ఓటూ అక్కడే, అదే నియోజకవర్గం. ఓటేసి బయటికొచ్చి, నా వైపు చూడకుండా, "నాకూ హక్కుంది కదండీ" అన్నారు. ఆయనకు అంతా తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. అంతకాలం తిట్టుకున్నదంతా ఆ ఒక్క మాటతో మాఫీ చేసేశాను.

సాయంత్రం పై ఆఫీసుకు లెక్చరరు చెప్పిన లెక్క: మొత్తం ఓటర్లు ఒకరు, పోలైన ఓట్లు ఏడు. అవతలినుంచి "ఏడువందల శాతమా? రిగ్గింగా?" అని ఎవరో అరిచారు. లెక్చరరు ఏడవడానికి సిద్ధంగా ఉన్నాడు. తహసీల్దారు గారు ఫోను తీసుకున్నారు. ఉద్యోగ జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ మాట్లాడి ఉండరు. "అంతా నియమం ప్రకారమే ఉందండీ" అన్నారు.

లెక్క

ఓట్ల లెక్కింపు అయ్యాక కాలనీకి వెళ్ళాను. బాలమణి పేరు మార్పించడానికి కొత్త దరఖాస్తు తీసుకోవాలి, ఆ రేకు నంబరు పీకేయమని కూడా చెప్పాలి. రేకు పీకనంది, వేలిముద్ర మాత్రం వేసింది. ఆ బూతు లెక్క అప్పటికే కాలనీ అంతా తెలుసు. నర్సిములు పార్టీకి మూడు, అవతలి పార్టీకి మూడు, ఎవరూ పేరైనా వినని ఒక ఇండిపెండెంటుకు ఒకటి.

నేను ఉండగానే నర్సిములు వచ్చాడు. "వదినే, మనకు మూడొచ్చినయి. అండ్ల నీదున్నది గదా?"

"సరే" అంది బాలమణి.

అతను మీసం సర్దుకుంటూ వెళ్ళాడు. కాసేపటికి అవతలి పార్టీ మనిషి గుమ్మం ముందు ఆగాడు. "మూడు పడ్డయి అక్కా. మా ఇజ్జత్ నిలవెట్టినవు."

"సరే" అంది మళ్ళీ, అదే గొంతుతో.

నాకు కడుపులో నవ్వు ఆగడం లేదు. దరఖాస్తు సంచిలో పెట్టుకుని లేచి గడప దాటాను. వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అడిగాను. "మరి ఆ ఇండిపెండెంటు ఒక్కటి..."

బాలమణి నన్ను తేరిపార చూసింది.

"ఏంది బిడ్డా, నువ్వు గూడనా?"

అని, నా మొహం మీదే దర్వాజ వేసేసింది. దాని మీద మా నోటీసు తాలూకు జిగురు ఇంకా అట్లాగే ఉంది.